ఆరో నంబరు లైను

చీటీ పొద్దున పదింటికి వచ్చేది. పెద్దాఫీసు నుంచి మోటారు సైకిలు మీద జవాను తెచ్చి, సంతకం పెట్టించుకుని, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయేవాడు. చీటీలో మూడే సంగతులుండేవి: ఏ లైను, ఎన్నింటికి, ఎంతసేపు. ఎంతసేపన్నది ఎప్పుడూ నాలుగు నిమిషాలే. ఎందుకన్నది ఉండేది కాదు. రిజిస్టరులో మాత్రం కారణం రాయడానికి ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే ఆడిటువాళ్ళు ఎర్రసిరా పెడతారు. అందుకని ఆపరేటరు పది రోజులుగా ఆ గడిలో ‘నిర్వహణ’ అని రాస్తున్నాడు.

సబ్‌స్టేషను చిన్నది. ఒక గది, గోడ పొడుగునా బీరువాల్లాంటి ఇనప పెట్టెలు ఎనిమిది, ఒక్కోదానికి ఒక హ్యాండిలు, హ్యాండిలు పైన మీటరు. ఒక్కో పెట్టె ఒక్కో వీధికి కరెంటు ఇస్తుంది. మీటరులో ముల్లు చూసి, ఆ వీధివాళ్ళు నిద్ర లేచారో లేదో, నీళ్ళ మోటార్లు వేసుకున్నారో, బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నారో చెప్పగలడాయన. ఆరో నంబరు ఆయన సొంత వీధి.

ఆ బుధవారం చీటీలో ఆరో నంబరుంది, మూడుంబావుకి. వారంలో అది రెండోసారి. ఐదు నిమిషాలుందనగా బల్లమీది ఫోను తీసి ఇంటికి చేశాడు.

“అమ్మా, ఇంకో ఐదు నిమిషాల్లో కరెంటు తీస్తున్నాను.”

“సరే మామయ్యా.”

“నాలుగే నిమిషాలు. మళ్ళీ వచ్చేస్తుంది.”

“సరే. మీరు మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారా?”

“వేసుకున్నాను,” అన్నాడు. వేసుకోలేదు.

మూడుంబావు కాగానే రెండు చేతులతో హ్యాండిలు కిందికి లాగాడు. పెట్టెలో దబ్బుమని చప్పుడైంది. ముల్లు కూలబడినట్టు సున్నా మీదికి వచ్చి ఆగింది. గోడ గడియారం చూస్తూ నాలుగు నిమిషాలు నిలబడి, హ్యాండిలు పైకి వేసి, మళ్ళీ ఫోను చేశాడు.

“వచ్చిందా అమ్మా?”

“వచ్చింది మామయ్యా.”

కొడుకు మంచం పక్కన ఆక్సిజన్ మిషను ఉన్ననాటి అలవాటది. కరెంటు పోయేలోగా ఆ మిషను ప్లగ్గు గోడమీంచి తీసి బ్యాటరీకి పెట్టాలి. గడియారం ముందు పెట్టుకుని కోడలి చేత పదిసార్లు చేయించాడు. చివరికి పదకొండు సెకన్లలో పెట్టేసేది. మిషను ఆసుపత్రివాళ్ళు తీసుకుపోయి ఎనిమిది నెలలైంది. ఫోను మాత్రం ఆగలేదు. ‘ఇంకా ఎందుకు మామయ్యా’ అని ఆమె ఒక్కసారీ అనలేదు. ఆయన తనంతట తాను మానలేకపోయాడు.

సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ, మీటరు కార్డు కాపీ తీయించడానికి వెనక వీధిలో జిరాక్స్ బాబాయి షాపు దగ్గర ఆగాడు. వీధిలో చిన్నాపెద్దా అందరికీ అతను బాబాయే. నలభయ్యేళ్ళ మనిషి, రెండు మిషన్ల మధ్య తానొక మూడో మిషనులాగా ఇరుక్కుని కూర్చుంటాడు.

“రండి కరెంటన్నయ్యా, రండి. మీమీద కేసు పెట్టాలి.”

“నేనేం చేశాను?”

“మొన్న మా వీధికి కరెంటు తీశారు. ఎవడిదో పెళ్ళి సర్టిఫికెట్టు మిషన్లో ఉంది. సగం వచ్చి ఆగిపోయింది. పెళ్ళికొడుకు వచ్చాడు, పెళ్ళికూతురు లోపలే ఉండిపోయింది. వాడు ఇక్కడ నిలబడి ఒకటే ఏడుపు.”

“నవ్వుతున్నాడేమో, సరిగ్గా చూశావా?”

“అదీ నిజమే, వెనక్కి తిరిగి ఉన్నాడు,” అంటూ కార్డు తీసుకున్నాడు బాబాయి. “రేపటికి ఉంచుతా. సిరా అయిపోయింది.” డబ్బులు తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. తన కొడుకు ఎక్స్‌రే ఫిల్ములూ రిపోర్టులూ ఆసుపత్రి తర్వాత ఆసుపత్రికి ఎన్ని సెట్లు కాపీలు తీసిపెట్టాడో! ఒక్కసారీ తీసుకోలేదు. ఆఖరికి గోడమీద పెట్టుకోవడానికి ఫోటో పెద్దది చేసి ఇచ్చిందీ అతనే.

గురువారం చీటీకి బదులు మనిషే వచ్చాడు. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. కుర్చీని రుమాలుతో తుడిచి, రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, అప్పుడు కూర్చున్నాడు. ఫలానా విభాగం అధికారినని చెప్పాడుగాని, ఆ విభాగం పేరులో ఏం చేస్తారో తెలిసే మాట ఒక్కటీ లేదు.

“ఇవి ఎందుకు తీయిస్తున్నామో మీకెవరూ చెప్పి ఉండరు పెద్దాయనా.”

“చెప్పరండి. తియ్యమంటే తీస్తాం, వెయ్యమంటే వేస్తాం.”

“మంచి పద్ధతి.” అధికారి గోడ పొడుగునా పెట్టెలు చూశాడు. ఆ తర్వాత చెప్పినదంతా కూడా ఆ హ్యాండిళ్ళతో చెబుతున్నట్టే చెప్పాడు. వింటున్నది మనిషన్న సంగతి అతనికి పట్టినట్టు లేదు. నెట్‌లో పేరూ ఊరూ చెప్పక్కర్లేని చోట్లున్నాయట. అక్కడ ఎవరు ఎవరో ఎవరికీ తెలియదట. “వాళ్ళ డబ్బూ అంతే. నోటుండదు, బ్యాంకుండదు. కంప్యూటర్లో పుట్టి కంప్యూటర్లోనే తిరుగుతుంది. దాని తాళం తియ్యడం మావల్ల కాలేదు. అప్పుడు మా పైఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఎంత దాక్కున్నా కంప్యూటరు నడవాలంటే కరెంటు కావాలిగా? వీధి తర్వాత వీధికి తీసి చూస్తే, ఎక్కడ తీసినప్పుడు వాడు మాయమైతే అక్కడున్నట్టు. పైసా ఖర్చు లేదు.”

“ఎవరండీ వాడు?”

“‘కిటికీ’ అని పేరు పెట్టుకున్నాడు. రంగుల ఫ్యాక్టరీ మీద పడి ఏడుస్తుంటాడు. ఊపిరితిత్తుల ఫోటోలు పెడతాడు. ఎక్కడెక్కడివాళ్ళో ఆ డబ్బు పంపుతారు. ఎవరు పంపారో, ఎవరికి వెళ్ళిందో ప్రభుత్వానికి తెలియదు.”

ఆపరేటరు రిజిస్టరులో గీతలు కొడుతున్నాడు. స్కేలు పక్కకి జరిగి గీత వంకర పోయింది.

“విచిత్రమేమిటంటే, ఈ ఆరో నంబరు రెండుసార్లు తీశాం. రెండుసార్లూ వాడు మధ్యలో తెగిపోలేదు. ఐదు నిమిషాల ముందు ‘ఇప్పుడే వస్తాను’ అని చెప్పి లేచాడు. కరెంటు వచ్చాక వచ్చి కూర్చున్నాడు. మర్యాదస్తుడు.” అధికారి తన మాటకి తనే నవ్వుకున్నాడు. “మొదటిసారి ఏదో పనిమీద లేచాడనుకున్నాం. రెండోసారీ అదే అయితే ఏమనుకోవాలి? ఇక్కడ మూడు షిఫ్టులు, ఆరుగురు మనుషులు. మిమ్మల్ని అనడం లేదు. రేపు నేనే వచ్చి కూర్చుంటాను, మూడుంబావుకి. ఫోను నా దగ్గరుంటుంది. ఆరో నంబరో కాదో తేలిపోతుంది.”

అధికారి వెళ్ళాక ఆపరేటరు వంకర గీతని రబ్బరుతో చెరపబోయాడు. అది సిరా. కాగితం చిరిగింది.

ఇంటికి వెళ్ళేసరికి కోడలు ముందుగదిలో, కొడుకు వాడిన పాత కంప్యూటరు దగ్గర కూర్చుని ఉంది. ఎవరివో కాగితాలు టైపు చేసి పంపే పని ఆమెది. కొడుకు మంచం ఉన్నచోటే బల్ల వేసుకుంది. పక్కనే కిటికీ. అతను చివరి నెలలన్నీ దాంట్లోంచే వీధిని చూశాడు.

ఆపరేటరు చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“కిటికీ అంటే నువ్వేనా అమ్మా?”

ఆమె వేళ్ళు ఆగాయి. అబద్ధం చెప్పడానికి ప్రయత్నించలేదు.

“మీకెవరు చెప్పారు?”

“నేనే పట్టిచ్చాను,” అన్నాడు.

ఫోను సంగతి, రేపు మూడుంబావుకి అధికారి వచ్చి కూర్చునే సంగతి చెప్పాడు. “మీ ఫోను రాగానే తీసేసేదాన్ని. కరెంటు పోతే ఈ కంప్యూటరు పాడవుతుందని,” అంది. “ఆయన మిషను కదా.”

మెల్లిగా చెప్పుకొచ్చింది. నలభై మూడు ఇళ్ళు. అందరూ రంగుల ఫ్యాక్టరీలో పొడి కొట్టే షెడ్డులో కొడుకుతోపాటు పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్ళు. ఫ్యాక్టరీ డాక్టరు అందరికీ ఒకటే రాశాడు, పొగతాగే అలవాటని. కార్మికుల సంఘం చందాలు పోగుచేసి బయట పరీక్షలు చేయించబోతే, సంఘం ఖాతా ఆపేశారు. అందుకని ఈ దారి.

“ఆయనకీ పొగతాగే అలవాటనే రాశారు మామయ్యా. ఆ కాగితం నేను చించలేదు.”

“ఇప్పుడు ఆపెయ్యలేవా?”

“రేపు ఆపేస్తాను. అందరి ఫిల్ములూ, పేర్లూ, ఆ డబ్బు తాళం, మొత్తం అవతల ఒకావిడకి అప్పగించాలి. ఆవిడ మూడింటికే వస్తుంది. అరగంట పడుతుంది. తర్వాత దీంట్లో ఏమీ ఉండదు.”

“మధ్యలో తెగితే?”

“వీధి తెలిసిపోతుంది. వచ్చి మిషను పట్టుకెళితే నలభై మూడు ఇళ్ళూ వాళ్ళ చేతిలో ఉంటాయి.”

ఆయన గది మూలకి చూశాడు. పాత దుప్పటి కింద బ్యాటరీ ఉంది, కొడుకు మిషనుకి కొన్నది. ఎనిమిది నెలలుగా దానిమీద దుప్పటి తీసినవాళ్ళు లేరు.

లేచి వెళ్ళి, బ్యాటరీలో పోసే నీళ్ళు రెండు సీసాలు కొనుక్కొచ్చాడు. దుప్పటి తీశాడు. బిరడాలు ఆరూ విప్పి చూస్తే నీళ్ళు పలకల కిందికి దిగిపోయాయి. వైరు బిగించే చోట తెల్లటి పొడి పేరుకుంది. వేడినీళ్ళలో సోడా కలిపి పోస్తే బుసబుసమని పొంగింది. పాత టూత్‌బ్రష్షు పెట్టి రుద్దాడు. కోడలు పక్కన కూర్చుని గుడ్డలు అందించింది. ఒక్కో గడిలో నీళ్ళు గీతదాకా పోసి, వైర్లు బిగించి, వేజిలీను రాసి, చార్జింగుకి పెట్టాడు. కంప్యూటరు వైరూ, నెట్ పెట్టె వైరూ దానికే తగిలించాడు. వీధి చివర నెట్‌వాళ్ళ పెట్టెకి సొంత బ్యాటరీ ఉందని ఆయనకి తెలుసు.

“ఎంతసేపు వస్తుంది?” అని అడిగింది.

“వాడికి రెండు గంటలు వచ్చేది,” అన్నాడు.

ఆ ఇంట్లో ‘వాడు’ అన్న మాట వినబడి ఎనిమిది నెలలైంది. ఇద్దరూ బ్యాటరీ వైపే చూస్తూ కూర్చున్నారు.

శుక్రవారం అధికారి మూడింటికే వచ్చాడు. కుర్చీ తుడుచుకున్నాడు. బల్లమీది ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టాడు. ఆపరేటరు సొంత ఫోను తన ఒళ్ళో పెట్టుకున్నాడు. తన ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఎవరితోనో, “ఉన్నాడా? సరే, చూస్తూ ఉండు,” అన్నాడు.

మూడుంబావు.

“తియ్యండి.”

ఆపరేటరు ఆరో నంబరు హ్యాండిలు లాగాడు. ముల్లు పడిపోయింది. కొడుకు ఆక్సిజన్ మిషను వచ్చినప్పటినుంచి, ఇంటికి చెప్పకుండా సొంత వీధికి కరెంటు తియ్యడం అదే మొదలు. ఖాళీగా ఉన్న చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మనసులో లెక్కపెట్టాడు. పదకొండు దాటాక కూడా లెక్కపెడుతూనే ఉన్నాడు.

“ఉన్నాడా? ఇంకా ఉన్నాడా?” అధికారి మొహం చిట్లించాడు. “కదల్లేదట. అయితే ఆరు కాదు.”

నాలుగు నిమిషాలయ్యాయి. హ్యాండిలు పైకి వేశాడు. అధికారి కుర్చీలో అటూఇటూ కదిలాడు. పది రోజుల పని నీళ్ళపాలైనట్టుంది అతనికి. మూడూ ఇరవయ్యెనిమిదికి హఠాత్తుగా లేచి, “ఏడు తియ్యండి,” అన్నాడు.

“చీటీలో ఏడు లేదండి.”

“చీటీ నేను రాస్తాను. తియ్యండి.”

తీశాడు. నిమిషం గడిచింది. అవతలినుంచి ఫోనులో ఏదో వినబడింది. అధికారి మొహం విచ్చుకుంది.

“పోయాడు! ఇప్పుడే పోయాడట.” ఏడో నంబరు పెట్టెని అరచేత్తో తట్టాడు, గుర్రాన్ని తట్టినట్టు. “మొన్న ఏడు తీసిన వేళకి వాడు నెట్‌లోనే లేడు. పక్క వీధిలో పెట్టుకుని ఇన్నాళ్ళూ ఇక్కడ వెతికాం.”

మూడున్నర అవుతోంది. అమ్మాయి పని అయిపోయిందన్నమాట. అప్పగించేసి కంప్యూటరు ఆపేసింది. ఆపరేటరు గోడకి ఆనుకున్నాడు. ఏడో నంబరు వీధిలో కూడా మనుషులుంటారన్న సంగతి ఆ క్షణంలో ఆయనకి తట్టలేదు. ముల్లు చూసి వీధిలో ఎవరేం చేస్తున్నారో చెప్పగలిగిన మనిషి, ఆ వేళ ఆ ముల్లు వంక చూడలేదు. రిజిస్టరులో ఏడో నంబరు రాసి, పక్క గడిలో ‘నిర్వహణ’ అని రాశాడు.

సాయంత్రం, ఏడో నంబరు లైనున్న వెనక వీధి మలుపులోనే జనం కనబడ్డారు. షాపు ముందు వ్యాను ఉంది. కాపీలు తీసే మిషను ఒకటి అప్పటికే ఎక్కించారు. రెండోదాన్ని నలుగురు మోస్తున్నారు. బాబాయిని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఉన్నారు. అతని చేతులకి ఇంకా నల్లటి సిరా పొడి ఉంది. భార్య మెట్టుమీద కూర్చుని, చేతిలో టీ గ్లాసు పట్టుకుని, అది ఎవరికివ్వాలో తెలియనట్టు చూస్తోంది.

“ఆ వీధిలో కంప్యూటరున్నది ఇతనికేనట,” అన్నారెవరో. “దొంగ డబ్బట. దేశం బయటినుంచి.”

“డబ్బే? ఇతనికా? నా దగ్గర అర్ధరూపాయి తీసుకోడానికి మొహమాటపడతాడు,” అంది ఒక ముసలావిడ.

మిషను మోసేవాళ్ళని చూసి బాబాయి అరిచాడు. “నాయనా, నిటారుగా పట్టుకోండి! ఒరిగితే పొడంతా మీ బట్టలమీద పడుతుంది, మీ ఇంట్లోవాళ్ళు నన్ను తిడతారు.” ఎవరూ నవ్వలేదు. అప్పుడతనికి జనంలో ఆపరేటరు కనబడ్డాడు.

“అన్నయ్యా! మీ కార్డు కాపీ బల్లమీదుంది, తీసుకెళ్ళండి. సిరా వచ్చింది.”

వ్యాను తలుపు వేశారు. ఆపరేటరు లోపలికి వెళ్ళాడు. మిషన్లున్నచోట నేలమీద రెండు చతురస్రాలు, దుమ్ము లేకుండా. బల్లమీద కాపీ ఉంది. రెండు తీసి ఉంచాడు, ఒకటి పోయినా పనికొస్తుందని.

ఇంటికి వెళ్ళి ఆ కాగితాలు కోడలి ముందు పెట్టి, జరిగింది చెప్పాడు. ఆమె కాగితాలనే చూస్తూ వింది.

“నేను వెళ్ళి ఒప్పుకుంటాను. నేనే కిటికీనంటాను,” అన్నాడాయన.

“మీరు ఆ టైములో ఆ అధికారి ఎదురుగా నిలబడి ఉన్నారు మామయ్యా.”

“అయితే ఏమంటావు? పది రోజులాగి వాళ్ళే వదిలేస్తారు. అతని దగ్గర ఏం దొరుకుతుంది గనక?” ఆ మాట అంటున్నప్పుడే ఆయనకి తన గొంతు తనది కాదనిపించింది.

“ఏమీ దొరక్కపోతే, బాగా దాచాడంటారు.” ఆమె లేచింది. “అతనికి ఇద్దరు పిల్లలు.”

“పోనీ, వెళ్ళి చెబుతావా?”

“చెబితే ఇద్దర్నీ ఉంచుకుంటారు. ఇద్దరూ ఒకటేనంటారు. వాళ్ళకి మనిషి మాట మీద నమ్మకం లేదు మామయ్యా, కరెంటు మాటే నమ్ముతారు. అతను లోపలుండగా కిటికీ ఇక్కడ కూర్చుని మాట్లాడాలి. వాళ్ళు తియ్యాలి. నేను తెగిపోవాలి.”

మూలకి వెళ్ళి వంగి, బ్యాటరీ వైరు తీసేసింది. ఎటు తిప్పితే నట్టు వదులవుతుందో నిన్న ఆయన చేస్తుంటే చూసింది. దుప్పటి మళ్ళీ కప్పి, అంచులు సరిచేసింది. ఆయన “అమ్మా” అన్నాడు.

“దీంట్లో ఏమీ లేదు. ఎవరికీ ఏమీ కాదు,” అంటూ కంప్యూటరు పెట్టి, ఒక్క వాక్యం టైపు చేసింది. ఆయన వెనకనుంచి చదివాడు. ‘నేను ఇక్కడే ఉన్నాను.’

శనివారం చీటీ ఎనిమిదింటికే వచ్చింది. ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్ని లైన్లూ, వరుసగా, ఒక్కోటి నాలుగు నిమిషాలు. రాత కంగారుగా ఉంది. కింద సంతకం పెట్టిన చోట సిరా అలుక్కుపోయింది. ఈసారి ఎవరూ వచ్చి కూర్చోలేదు. అధికారి మనుషులందరూ వీధుల్లో కాచుకుని ఉన్నారని జవాను చెప్పాడు.

ఒకటి తీశాడు, వేశాడు. రెండు. మూడు. ప్రతిసారీ రిజిస్టరులో టైము, ప్రతిసారీ అదే మాట. ఐదో నంబరు వేశాక రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. హ్యాండిలుకి చెమట అంటితే జారుతుంది. ఫోను బల్లమీదే ఉంది. వద్దనేవాళ్ళు లేరు.

చేశాడు. ఒక్క రింగుకే తీసింది.

“అమ్మా,” అన్నాడు. “కరెంటు తీస్తున్నాను.”

“తెలుసు మామయ్యా. నేను కూర్చునే ఉన్నాను.”

ఫోనులో కీబోర్డు చప్పుడు వినబడుతోంది. ఆమె ఆపకుండా ఏదో రాస్తోంది.

“నాలుగే నిమిషాలు,” అన్నాడు.

“వీధి తలుపు తీసే ఉంచాను. వాళ్ళు విరగ్గొట్టక్కర్లేదు. మీ మాత్రలు మంచం పక్కన డబ్బాలో పెట్టాను, మూడూ మూడు గళ్ళలో.” కొంచెం ఆగింది. “మీరు తియ్యండి.”

రిసీవరు పెట్టెయ్యకుండా బల్లమీద ఉంచి, వెళ్ళి హ్యాండిలు లాగాడు. దబ్బుమంది. ముల్లు సున్నా మీదికి వచ్చి ఆగింది. వెనక బల్లమీద కీబోర్డు చప్పుడు కూడా ఆగిపోయింది. రెండు మూడు క్షణాలు ఏమీ లేదు. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో ఫోను పెట్టేసిన చప్పుడు.

గోడ గడియారం కింద నిలబడ్డాడు. కొడుకు మిషను ఉన్న రోజుల్లో కూడా నాలుగు నిమిషాలు ఇంత పొడుగ్గా లేవు. ముందే వేసేస్తే ఏమవుతుందన్న ఆలోచన ఒకసారి వచ్చి పోయింది. చెయ్యి లేవలేదు. నిమిషాల ముల్లు గీత దాటాక హ్యాండిలు పైకి వేశాడు. మీటరులో ముల్లు లేచి, మామూలు చోటుకి వచ్చి నిలబడింది. ఆరో వీధిలో అందరూ ఇళ్ళలోనే ఉన్నారు.

ఫోను చేశాడు. చాలాసేపు మోగింది. ఎవరో తీశారు.

“వచ్చిందా అమ్మా?”

“వచ్చింది పెద్దాయనా,” అంది అధికారి గొంతు. వెనక ఏవో సామాన్లు జరుపుతున్న చప్పుడు. “మీ ఇల్లని ఇప్పుడే తెలిసింది. మీతో తర్వాత మాట్లాడతాం.”

“మరి షాపతన్ని... ఆయన్ని ఎప్పుడు పంపిస్తారండి?”

“అతనా? అది పైవాళ్ళు చూడాలి. ఇద్దరికీ సంబంధం ఉందో లేదో తేలాలిగా.” ఎవరికో ఏదో చెప్పి, మళ్ళీ ఫోనులోకి వచ్చాడు. “ఏడూ ఎనిమిదీ ఇంక అక్కర్లేదు లెండి.”

ఆపరేటరు రిసీవరు పెట్టేశాడు. రిజిస్టరు దగ్గర కూర్చుని ఆరో నంబరుకి ఎదురుగా టైము రాశాడు. కారణం గడి మీద కలం ఆనించి చాలాసేపు ఉంచాడు. అక్కడ సిరా చుక్క ఒకటి ఊరింది. దానిమీదే ‘నిర్వహణ’ అని రాసి, కింద సంతకం చేశాడు.